పెట్రోల్ బండా, కరెంటు బండా: మంటల భయం దేనికి ఎక్కువ?

ఇప్పుడు ఏ ఇంట్లో బండి కొనే మాట వచ్చినా ముందు పెట్రోల్ ఖర్చు లెక్క వస్తుంది, వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "కరెంటు బండి పేలిపోతుందంట కదా?" పిల్లలు ఎలక్ట్రిక్ స్కూటర్ కావాలంటారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఫోన్లో చూసిన వీడియో ఒకటి గుర్తు చేసుకుని వద్దంటారు. డోర్నకల్ లాంటి ఊళ్లో రోజూ ఖమ్మం వైపో, మహబూబాబాద్ వైపో బండి మీద పోయి వచ్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నెలకు వేల రూపాయలు మిగిలే మాట ఒకవైపు, ఇంట్లో నిద్రపోయే పిల్లల ప్రాణాల మాట ఇంకోవైపు.

పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. 2026 డిసెంబర్ 31 వరకు ఈ మినహాయింపు ఇచ్చింది. దాంతో కరెంటు బండ్లు పట్నాలు దాటి చిన్న ఊళ్లకు, గల్లీలకు కూడా వచ్చేస్తున్నాయి. అందుకే భయం ఎంతవరకు నిజం, ఎంతవరకు పుకారు అన్నది విడదీసి చూసుకోవాలి.

ముందు ఒక్క మాటలో సమాధానం చెప్పుకుందాం. లెక్క ప్రకారం చూస్తే మంటలు అంటుకునేవి పెట్రోల్, డీజిల్ కార్లే ఎక్కువ. ఎలక్ట్రిక్ కార్లు చాలా తక్కువ. కానీ లిథియం బ్యాటరీకి మంట అంటుకుంటే ఆర్పడం కష్టం, దాని పొగ ప్రమాదకరం. అన్నిటికన్నా ముఖ్యంగా, పెట్రోల్ బండి ఎక్కువగా రోడ్డు మీద కాలుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని మనమే ఇంట్లోకి తెచ్చి, రాత్రి ప్లగ్గు పెట్టి, దాని పక్కనే పడుకుంటున్నాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మన దగ్గర జరిగినవి

2022 సంవత్సరం మొత్తం దేశానికి ఒక పాఠం. మార్చి నెలాఖరులో పుణెలో రోడ్డు పక్కన నిలిపిన ఎలక్ట్రిక్ స్కూటర్ కాలిపోయిన వీడియో దేశమంతా తిరిగింది. అదే సమయంలో తమిళనాడులోని వేలూరులో రాత్రి ఛార్జింగ్ పెట్టిన స్కూటర్‌కు మంటలు అంటుకుని, ఆ పొగకు ఊపిరాడక తండ్రీ కూతుళ్లు చనిపోయారు.

ఏప్రిల్‌లో ఆ ప్రమాదం మన ఇళ్ల దాకా వచ్చింది. నిజామాబాద్‌లో ఒక కుటుంబం స్కూటర్ నుంచి బ్యాటరీ తీసి హాల్లో ఛార్జింగ్ పెట్టుకుంది. తెల్లవారుజామున అది పేలింది. అదే గదిలో నిద్రపోతున్న 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు, కాపాడబోయిన ఇంట్లోవాళ్లకు కాలిన గాయాలయ్యాయి. ఆ వారంలోనే, ఏప్రిల్ 23న, విజయవాడలో ఇంకొక ఇంట్లో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలింది. బండి కొని ఒక్కరోజే అయింది. ఇంటి యజమాని చనిపోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు.

అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ ఉన్న భవనంలో, కింద నడుస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ మెట్ల దారి గుండా పైన లాడ్జి గదుల్లోకి వెళ్లింది. 8 మంది చనిపోయారు. కొందరు కిటికీల నుంచి దూకారు.

ఈ సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. నిజామాబాద్, విజయవాడ, వేలూరు, మూడు చోట్లా బండి నడుస్తూ లేదు, ఛార్జింగ్‌లో ఉంది. మూడు చోట్లా రాత్రి వేళ, మనుషులు నిద్రలో ఉన్నారు. సికింద్రాబాద్‌లో మంట కింద ఉంటే మనుషులు పైన ఉన్నారు. అంటే బ్యాటరీ ఎక్కడ ఉంది, మనుషులు బయటికి వెళ్లే దారి ఎక్కడ ఉంది అన్నదే చావు బతుకులను తేల్చింది.

ఇక పెట్రోల్, డీజిల్ సంగతి. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొట్టింది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకును ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోయింది. బైకు పెట్రోల్‌తో మంట మొదలై 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సు లగేజీలో మొబైల్ ఫోన్ల పార్సిల్ ఉందని, వాటి బ్యాటరీలు మంటను పెంచాయని దర్యాప్తులో చెప్పారు. అంటే ఒకే ప్రమాదంలో పెట్రోలూ ఉంది, లిథియమూ ఉంది.

అయినా పెట్రోల్ బండి కాలితే అది మనకు మామూలు వార్త. కరెంటు బండి కాలితే మాత్రం వీడియో ఊరూరా తిరుగుతుంది. మన భయం లెక్కను బట్టి కాకుండా వీడియోలను బట్టి పెరుగుతోంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

ప్రతి వాహనం మంటనూ రకం వారీగా లెక్కపెట్టే దేశాల్లో స్వీడన్ ఒకటి. అక్కడి విపత్తు నిర్వహణ సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలో ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లు కలిపి దాదాపు 6 లక్షల 11 వేలు ఉంటే 23 కార్లకు మంటలు అంటుకున్నాయి. పెట్రోల్, డీజిల్ కార్లు 44 లక్షలు ఉంటే దాదాపు 3,400 కాలాయి. లక్ష కార్లకు లెక్కేస్తే ఎలక్ట్రిక్‌లో దాదాపు 4, పెట్రోల్ డీజిల్‌లో దాదాపు 77. ఇరవై రెట్ల తేడా.

అయితే ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఎలక్ట్రిక్ కార్లు చాలావరకు కొత్తవి. పెట్రోల్ కార్లలో పదిహేను, ఇరవై ఏళ్ల పాతవి కూడా ఉన్నాయి. పాత బండికి పైపులు అరుగుతాయి, వైర్లు చిట్లుతాయి. ఎవరైనా కావాలని తగలబెట్టినవి కూడా ఈ లెక్కలో కలిసి ఉంటాయి. కాబట్టి తేడా సరిగ్గా ఇరవై రెట్లే అని పట్టుకుని కూర్చోనవసరం లేదు. కానీ ఎటువైపు ఎక్కువో మాత్రం స్పష్టం.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఈ మంచి పేరు కార్లది. అదే స్వీడన్‌లో అదే ఏడాది చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల మంటలు 38, ఎలక్ట్రిక్ సైకిళ్ల మంటలు 20 నమోదయ్యాయి. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో 2023లో లిథియం బ్యాటరీల వల్ల 268 అగ్నిప్రమాదాలు జరిగి 18 మంది చనిపోయారు. వాటిలో చాలావరకు డెలివరీ కుర్రాళ్లు, సామాన్యులు వాడే చవక సైకిళ్ల, స్కూటర్ల బ్యాటరీల వల్ల, అపార్ట్‌మెంట్ల లోపల జరిగినవే. అందుకే ఆ నగరం పరీక్ష పాసైన సర్టిఫికెట్ లేకుండా వాటిని అమ్మకూడదని చట్టం చేసింది.

అంటే "ఎలక్ట్రిక్" అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయి. పెద్ద కంపెనీ కారులో బ్యాటరీ గట్టి పెట్టెలో, చల్లబరిచే ఏర్పాటుతో, కారు అడుగున ఉంటుంది. చవక స్కూటర్ బ్యాటరీని చేత్తో పట్టుకుని మెట్లెక్కి, వంటింటి పక్కన ప్లగ్గు పెడతాం. కారు లెక్క చూపించి స్కూటర్ అమ్మేవాళ్లను, స్కూటర్ వీడియో చూపించి కార్ల మీద భయం పెట్టేవాళ్లను, ఇద్దరినీ నమ్మకూడదు.

పుకార్లకు ఒక ఉదాహరణ. 2023 అక్టోబర్ 10న ఇంగ్లండ్‌లోని ల్యూటన్ విమానాశ్రయం పార్కింగ్ భవనంలో మంటలు లేచి 1,400కు పైగా వాహనాలు బూడిదయ్యాయి. తెల్లారేసరికి "ఎలక్ట్రిక్ కారు వల్లే" అని సోషల్ మీడియా నిండిపోయింది. అది డీజిల్ కారు నుంచి మొదలైందని అక్కడి ఫైర్ సర్వీస్ చెప్పింది. దీనికి అటువైపు ఉదాహరణా ఉంది. 2024 ఆగస్టు 1న దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపి ఉంచిన ఎలక్ట్రిక్ కారు, ఛార్జింగ్‌లో కూడా లేనిది, కాలిపోయి చుట్టూ ఉన్న పదుల కార్లను తగలబెట్టింది. నీళ్లు చల్లే ఏర్పాటు ఉన్నా, సమయానికి అది పనిచేయకుండా ఆపేశారు. కాబట్టి ఎలక్ట్రిక్ కారు అసలే కాలదు అన్న మాట కూడా తప్పే.

పెట్రోల్ ఎలా మండుతుంది, బ్యాటరీ ఎలా మండుతుంది

పెట్రోల్‌లో నిజానికి మండేది దాని ఆవిరి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి పెట్రోల్ నుంచి వస్తుంది. ఇక మన ఎండాకాలం సంగతి చెప్పేదేముంది. ఈ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదుగా పాకుతుంది. అందుకే ఒక మూల సీసా ఒలికితే, ఇంకో మూల ఉన్న పొయ్యి దగ్గర అంటుకుంటుంది. డీజిల్ ఇంత సులభంగా ఆవిరి కాదు, కాబట్టి కొంత నయం. కానీ వేడి ఇంజిన్ మీద చిమ్మితే అదీ మండుతుంది.

బండిలో పెట్రోల్ ఉంటుంది, వేడి సైలెన్సర్ ఉంటుంది, పక్కనే కరెంటు వైర్లు ఉంటాయి. పైపు కారడం, వైరు చిట్లడం, ఈ రెండిటిలో ఏది జరిగినా మంటకు దారి దొరుకుతుంది. ఎక్స్‌ట్రా హారన్లు, ఫోకస్ లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ కోసం వైర్లు కోసి అతికించిన బండ్లు ఎక్కువగా కాలేది ఇందుకే.

బ్యాటరీ తీరు వేరు. లిథియం బ్యాటరీ ప్యాక్‌లో చిన్న చిన్న సెల్స్ పదులు, వందలు, కార్లలో అయితే వేలు కూడా ఉంటాయి. ఒక్కో సెల్‌లో ప్లస్, మైనస్ పొరల మధ్య సన్నటి ప్లాస్టిక్ పొర అడ్డుగా ఉంటుంది. చుట్టూ మండే గుణం ఉన్న ద్రవం ఉంటుంది. దెబ్బ తగిలినా, తయారీలో మురికి కణం పడినా, అతిగా ఛార్జ్ అయినా, ఎక్కువ వేడెక్కినా ఆ పొర పాడవుతుంది. దాదాపు 130 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. అప్పుడు లోపలే షార్ట్ అయి వేడి పుడుతుంది, ఆ వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. ఒక సెల్ పక్క సెల్‌ను అంటిస్తుంది. దీన్నే ఇంజినీర్లు థర్మల్ రన్‌అవే అంటారు. పగ్గాలు తెగిన ఎద్దు లాంటిది, మొదలైతే మన చేతిలో ఉండదు.

అప్పుడు తెల్లటి పొగ బుసబుసమని వస్తుంది. అందులో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి వాయువులు ఉంటాయి. మూసి ఉన్న గదిలో ఈ పొగ నిండితే మంట తగలకుండానే మనిషి పడిపోతాడు. నిప్పు అంటుకుంటే పేలుతుంది కూడా. ఆరిపోయిందనుకున్న బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు.

అయితే ఎలక్ట్రిక్ కారు మంట పెట్రోల్ కారు మంట కన్నా పది రెట్లు వేడి అన్న మాట నిజం కాదు. స్వీడన్ పరిశోధన సంస్థ రైజ్ ఒకే సైజు కార్లను తగలబెట్టి కొలిస్తే, రెండిటి నుంచి వచ్చే మొత్తం వేడి దాదాపు ఒకటే. కారులో ఎక్కువగా కాలేది సీట్లు, ప్లాస్టిక్, టైర్లు. తేడా ఆర్పే పద్ధతిలో, ఆర్పడానికి పట్టే సమయంలో ఉంది.

బ్యాటరీల్లోనూ రకాలున్నాయి. ఎన్‌ఎంసీ అనే రకం తక్కువ బరువులో ఎక్కువ దూరం ఇస్తుంది, కానీ వేడికి త్వరగా లొంగుతుంది. ఎల్‌ఎఫ్‌పీ అనే రకం కొంచెం బరువు, కానీ వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. కొనేటప్పుడు "ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది" అని అందరం అడుగుతాం. "ఏ రకం బ్యాటరీ" అని కూడా అడగాలి.

2022 తర్వాత ఏం మారింది

ఆ వరుస ప్రమాదాల తర్వాత కేంద్రం దర్యాప్తు చేయించింది. సెల్స్ నాణ్యత, ప్యాక్ తయారీ, బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ బోర్డు, వీటిలో లోపాలు బయటపడ్డాయి. కంపెనీలు వేల బండ్లు వెనక్కి పిలిచాయి. 2022 ఏప్రిల్‌లోనే ఓలా 1,441, ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను తనిఖీ కోసం వెనక్కి తీసుకుంటామని ప్రకటించాయి.

తర్వాత భద్రతా ప్రమాణాలు బిగించారు. స్కూటర్లకు, ఆటోలకు ఏఐఎస్-156, కార్లకు, బస్సులకు ఏఐఎస్-038 అనే నిబంధనలను సవరించి, మొదటి దశ 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి తెచ్చారు. ఒక సెల్ పాడైతే ఆ వేడి మిగతావాటికి పాకకుండా చూడడం, నీళ్లు లోపలికి పోకుండా పెట్టె బిగింపు, వేడి పెరిగితే ముందే హెచ్చరిక, ఇవన్నీ పరీక్షల్లోకి వచ్చాయి.

దీన్నిబట్టి కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: 2023 ఏప్రిల్ తర్వాత తయారైన, రిజిస్ట్రేషన్ ఉన్న బండి, అంతకుముందు బండి కన్నా నయం. సెకండ్ హ్యాండ్‌లో 2021, 2022 బండి చవకగా వస్తుందంటే, అది ఎందుకు చవకో ఆలోచించాలి.

ఇంకో రకం బండ్లున్నాయి. గంటకు 25 కిలోమీటర్ల లోపు స్పీడు, 250 వాట్ల లోపు మోటార్ ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. పిల్లలకు, ఆడవాళ్లకు వీలుగా ఉంటుందని చాలామంది వీటిని కొంటున్నారు. బండి తప్పు కాదు. కానీ ఈ ముసుగులో, ఎవరో ఎక్కడో కలిపి కట్టిన బ్యాటరీలతో వచ్చే బండ్లూ ఉన్నాయి. షాపతను సర్టిఫికెట్ చూపించలేకపోతే, బిల్లు మీద బ్యాటరీ నంబర్, వారంటీ రాయకపోతే, ఎంత చవకైనా వదిలేయడం మంచిది.

కరెంటు బండి ఉన్న ఇంట్లో

బ్యాటరీని పడకగదిలో, హాల్లో, వంటింట్లో ఛార్జ్ చేయొద్దు. ముఖ్యంగా మెట్ల కింద, ఇంటి ఒకే ఒక్క తలుపు దగ్గర అసలే వద్దు. మన ఇళ్లల్లో చాలావాటికి దారి ఒకటే. ఆ దారిలోనే మంట లేస్తే లోపలివాళ్లు ఎటు పోతారు? 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. అది బండి వల్ల కాదు. కానీ ఇరుకు దారి, పొగ, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చార్మినార్ చుట్టుపక్కల వాళ్లందరూ కళ్లారా చూశారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు చనిపోయిన ఆరుగురు యువతీ యువకులు మన మహబూబాబాద్, వరంగల్, ఖమ్మం జిల్లాల నుంచి పనికి వెళ్లిన పిల్లలే. వాళ్లను చంపింది కూడా పొగే.

గాలి ఆడే వరండాలో, రేకుల షెడ్డులో, ఆరుబయట నీడలో ఛార్జ్ చేయండి. చుట్టూ బట్టలు, గడ్డి, కట్టెలు, గ్యాస్ సిలిండర్, పెట్రోల్ సీసా లేకుండా చూడండి. రెండు బండ్లు ఉంటే ఛార్జింగ్ బండి పక్కనే పెట్రోల్ బండి నిలపకండి.

రాత్రంతా ప్లగ్గులో వదిలేసి పడుకోవద్దు. ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉన్న వేళ చూసుకోండి. అసర్ నుంచి ఇషా దాకా ఉన్న సమయాన్ని ఇందుకు వాడుకోవచ్చు. రమజాన్‌లో సహరీకి లేచినప్పుడు పెట్టి, పొద్దెక్కాక తీసేయొచ్చు. ఫజర్ తర్వాత మళ్లీ నిద్రపోయే ఇళ్లల్లో మాత్రం తీసేసే పడుకోండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు. మంచి ఎర్తింగ్, ఎంసీబీ ఉన్న గోడ సాకెట్‌కే, కంపెనీ చెప్పిన యాంపియర్‌కు సరిపోయేదానికే పెట్టాలి. పాత ఇళ్లల్లో ప్లగ్గు వేడెక్కుతుంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. చాలాసార్లు మంట మొదలయ్యేది బ్యాటరీలో కాదు, వదులైన సాకెట్‌లో.

కంపెనీ ఛార్జర్ తప్ప ఇంకోటి వాడొద్దు. పిన్ను పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. వోల్టేజ్ తేడా ఉంటే బ్యాటరీ అతిగా ఛార్జ్ అవుతుంది.

ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టొద్దు. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. బండిని నీడలో పెట్టి అరగంట, గంట చల్లారనివ్వండి. జుమా రోజు మస్జిద్ ముందు ఎండలో నిలపాల్సి వస్తే, ఇంటికి వచ్చాక ఇదే పాటించండి.

వరద నీళ్లలో మునిగిన బండిని అసలు ఛార్జ్ చేయొద్దు. 2024 సెప్టెంబర్ 1 వానలు మనం మరిచిపోలేం. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. ఖమ్మంలో మున్నేరు కాలనీల్లోకి వచ్చి బండ్లన్నీ మునిగాయి. అలా మునిగిన బ్యాటరీలో బురద, తేమ చేరితే, ఎండలో ఆరబెట్టి పైకి బాగానే కనిపించినా, వారాల తర్వాత కూడా లోపల షార్ట్ కావచ్చు. కంపెనీ సర్వీస్ వాళ్లు చూసేదాకా ఇంటికి దూరంగా ఉంచాలి.

బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా, బుస్సుమన్న శబ్దం వచ్చినా, ముట్టుకోలేనంత వేడెక్కినా, కింద పడి దెబ్బ తగిలినా వాడడం ఆపేయండి. "సెల్స్ మార్చి ఇస్తా, సగం ఖర్చులో అయిపోతుంది" అని ఎవరైనా అంటే, ఆ మిగిలే సగం దేనికి పందెం కాస్తున్నామో ఆలోచించండి.

ఈ-రిక్షాల్లో కొన్నిటికి పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉంటాయి. అవి లిథియం లాగా మండవు. కానీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. మూసిన గదిలో పెట్టి, పక్కన బీడీ వెలిగిస్తే అదీ పేలుతుంది.

పెట్రోల్ బండి ఉన్న ఇంట్లో

కరెంటు బండి లేదు కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. మన ఊళ్లలో కిరాణా కొట్టులో సీసాల్లో పెట్రోల్ అమ్మడం, స్ప్రేయర్ కోసం, మోటార్ కోసం డబ్బాల్లో తెచ్చి ఇంట్లో దాచడం మామూలైపోయింది. పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసిన పెట్రోల్ పిల్లల చేతికి చిక్కితే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

2023 నవంబర్ 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. మండే ద్రవం కింద, మనుషులు పైన. సికింద్రాబాద్ షోరూం కథకూ దీనికీ తేడా ఏముంది? ఒకచోట లిథియం, ఇంకోచోట రసాయనం, అంతే.

బండి దగ్గర పెట్రోల్ వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు. ముందు పైపు చూపించండి. ట్యాంకు అంచు దాకా నింపించొద్దు. వరి గడ్డి, మొక్కజొన్న చొప్ప ఆరబోసిన రోడ్ల మీద కారు నడిపితే, గడ్డి అడుగున చుట్టుకుని సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. ఎండు గడ్డి మీద వేడి బండి నిలపొద్దు. వంట గ్యాస్ సిలిండర్‌తో నడిపే వ్యానులో పిల్లల్ని బడికి పంపొద్దు. అది చట్టవిరుద్ధం కూడా.

మంట లేస్తే

పెట్రోల్ మంట మీద నీళ్లు పోయొద్దు. పెట్రోల్ నీళ్ల మీద తేలి మంటను ఇంకా దూరం తీసుకుపోతుంది. ఇసుక, మట్టి, లేదా పొడి ఉండే ఫైర్ సిలిండర్ వాడాలి. అదీ మంట చిన్నగా ఉన్నప్పుడే.

బ్యాటరీ మంటకు దీనికి ఉల్టా. పొడి చల్లితే పై మంట తగ్గినట్టు కనిపించినా లోపల వేడి ఆగదు. దాన్ని చల్లార్చేది నీళ్లే, అదీ బోలెడన్ని, ఎంతోసేపు. ఆ పని ఫైర్ సిబ్బందిది. ఇంట్లోవాళ్ల పని ఒక్కటే: ప్లగ్గు తీయగలిగితే మెయిన్ ఆపి, లేకపోతే అదీ వదిలేసి, అందరినీ లేపి బయటికి వచ్చేయడం. వచ్చేటప్పుడు ఆ గది తలుపు మూసేయాలి, పొగ కాసేపు ఆగుతుంది. పొగ నిండితే నేలకు వంగి నడవాలి. మండుతున్న బ్యాటరీని చేత్తో పట్టుకుని బయట పడేద్దామని వెళ్లొద్దు. బండి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఫోన్ 101కి గానీ 112కి గానీ చేయండి. అంబులెన్స్‌కు 108. "లిథియం బ్యాటరీ ఉంది" అని ముందే చెప్పండి, వాళ్లు దానికి తగ్గట్టు వస్తారు. కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పారనివ్వండి. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు పూయొద్దు. పొగ పీల్చినవాళ్లు బాగానే ఉన్నామన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇన్సూరెన్స్ విషయం ఒకటి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మన బండి కాలిపోతే ఏమీ రాదు. మన బండికి కూడా వర్తించే పాలసీ ఉండాలి. బ్యాటరీ మార్పించినా, వైర్లు కోసి ఎక్స్‌ట్రా ఫిట్టింగ్‌లు పెట్టినా, క్లెయిమ్ దగ్గర కంపెనీ అభ్యంతరం పెడుతుంది. కొన్న రోజే పాలసీ కాగితం చదివించుకోండి.

మరి కొనాలా వద్దా?

మంచి కంపెనీ కారు, లేదా 2023 మార్చి తర్వాతి నిబంధనలతో వచ్చిన స్కూటర్, దగ్గర్లో సర్వీస్ సెంటర్, ఇంటి బయట గాలి ఆడే చోట ఛార్జింగ్ పెట్టుకునే వీలు, ఇవి ఉంటే మంటల భయంతో కరెంటు బండి మానుకోవాల్సిన పని లేదు. ఇప్పుడు మనం నడిపే పెట్రోల్ బండి మీద మంటల ప్రమాదం దానికన్నా తక్కువేమీ కాదు.

పై అంతస్తులో ఒకే గది, ఒకే మెట్లదారి, బ్యాటరీని మంచం పక్కన తప్ప ఇంకెక్కడా పెట్టే చోటు లేదు, పాత వైరింగ్, అలాంటి ఇంట్లో ఉంటే మాత్రం ముందు ఛార్జింగ్ చోటు చూసుకోండి. ఇంటి యజమానితో మాట్లాడి కింద ఒక సాకెట్ పెట్టించుకోండి. నలుగురైదుగురు అద్దెవాళ్లు కలిసి ఒక మీటర్, ఒక చిన్న షెడ్డు వేయించుకుంటే ఖర్చు తలా కొంచెమే. చోటు కుదిరిన తర్వాతే బండి కొనండి.

ఈ రాత్రి చేయగలిగిన పని ఒకటుంది. పడుకునే ముందు ఇంట్లో ఏం ఛార్జింగ్‌లో ఉందో, పెట్రోల్ సీసా ఎక్కడుందో, మంట లేస్తే పిల్లలు ఏ దారిన బయటికి వస్తారో ఒకసారి చూసుకోండి. పెట్రోల్ బండి ఉన్న ఇల్లైనా, కరెంటు బండి ఉన్న ఇల్లైనా ఈ మూడూ చూసుకోవాల్సిందే.